‘బాగా ఏడిపించింది’: ప్రేమ నవల మీద పాఠకుల అసలు మాట

అద్దెకు నవలలిచ్చే షాపులు పేటకొకటి ఉన్న రోజుల్లో, ప్రతి పుస్తకం చివరి అట్ట లోపలివైపు చదివినవాళ్లు రాసి వదిలిన మాటలు ఉండేవి. పెన్సిల్‌తో కొన్ని, బాల్‌పెన్నుతో కొన్ని. ‘సూపర్’, ‘ఒకసారి చదవొచ్చు’, ‘టైం వేస్ట్’, ‘ఎండింగ్ బాగాలేదు’. కింద పేరు ఉండదు, ఊరు ఉండదు. ఎవరినీ మెప్పించడానికి రాసినవి కావు కాబట్టి వాటిలో మొహమాటం కూడా ఉండదు. ప్రేమ నవలల వెనక తరచూ కనిపించే మాట ఒకటుంది: ‘ఏడిపించింది’. ఒక పుస్తకం మీద అది మెచ్చుకోలు. ఇంకో పుస్తకం మీద అదే మాట ఫిర్యాదు. రాసిన మనిషి కూడా ఒక్కరే కావచ్చు.

ఒకే రకం కన్నీళ్లకు ఒకచోట కృతజ్ఞత, మరోచోట కోపం ఎందుకొస్తాయి? ప్రేమ నవలల గురించి మాట్లాడేటప్పుడు కథ, పాత్రలు, భాష అని విడివిడిగా చర్చిస్తారు కానీ, ఈ తేడా వాటి దగ్గర తేలదు. నవల మొదటి పేజీల్లో ఏ స్వరంతో పలకరించింది, చివరిదాకా ఆ స్వరానికి కట్టుబడిందా లేదా అన్న దగ్గర తేలుతుంది. పాఠకులు చెప్పే నచ్చడం, నచ్చకపోవడంలో చాలా భాగం ఈ మాట నిలబెట్టుకోవడం గురించే.

మన అలంకారికులు, అంటే పాతకాలపు కావ్యశాస్త్రకారులు, దీన్ని చాలా ముందే గుర్తించారు. శృంగార రసాన్ని సంభోగమని, విప్రలంభమని రెండుగా చెప్పారు. ఇక్కడ సంభోగం అంటే ప్రేమికులు కలిసి ఉండటం, విప్రలంభం అంటే ఎడబాటు. ఎడబాటులోనూ కన్నీళ్లుంటాయి, నిట్టూర్పులుంటాయి, నిద్ర పట్టదు, తిండి సయించదు. ఆత్మీయులు పోయిన దుఃఖంలోనూ అవే ఉంటాయి. మరి ఒకటి శృంగారం, ఇంకొకటి కరుణ ఎలా అయ్యాయి? భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన గుర్తు చాలా సూటిగా ఉంటుంది. విప్రలంభంలో తిరిగి కలుస్తామన్న ఆశ ఉంటుంది. కరుణలో ఆ ఆశ తెగిపోయి ఉంటుంది. పైకి కనిపించే లక్షణాలన్నీ ఒకటే. లోపలి ఆశ ఒక్కటే తేడా.

ప్రేమ నవల తెరిచే మనిషి విప్రలంభం కోసం తెరుస్తారు. నాయికా నాయకులు అపార్థాలతో విడిపోవాలి, బాధపడాలి, చదివేవాళ్లను కూడా బాధపెట్టాలి. ఆ బాధ అడుగున ఆశ ఊరుతూ ఉండాలి. ‘బాగా ఏడిపించింది’ అన్న మెచ్చుకోలుకు అర్థం ఇదే. ఆ ఆశను రెండు వందల పేజీలు పెంచి పోషించి, చివరి పది పేజీల్లో ఓ కారు ప్రమాదంతోనో రక్తం కక్కుకోవడంతోనో కథ ముగిస్తే, అప్పుడు ‘ఏడిపించింది’ అన్నది ఫిర్యాదు అవుతుంది. పాఠకులకు విషాదం చేతకాదని దీనికి అర్థం కాదు. విషాదం చదవాలనుకుంటే వేరే పుస్తకం తీసుకునేవాళ్లమన్నది వాళ్ల మాట. అది న్యాయమైన మాటే.

అమెరికాలో జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు ప్రేమ నవలలు విపరీతంగా చదివే ఒక చిన్న పట్టణపు స్త్రీలతో మాట్లాడి 1984లో ఒక పుస్తకం తెచ్చారు. వాళ్లందరూ ఒకే పుస్తకాల షాపు ఉద్యోగిని సలహా మీద నవలలు ఎంచుకునేవాళ్లు. రాడ్వే గమనించిన అలవాట్లలో ఒకటి తెలుగు పాఠకులు కూడా వెంటనే గుర్తుపట్టేది: చాలామంది కొనేముందో మొదలుపెట్టేముందో చివరి పేజీలు చూసుకునేవాళ్లు. బయటివాళ్లకు ఇది వింతగా కనిపిస్తుంది. ముగింపు తెలిశాక చదవడం ఎందుకు? వాళ్ల వైపు నుంచి చూస్తే దీనికి మంచి కారణమే ఉంది. చివరికి కలుస్తారని తెలిస్తే మధ్యలో ఎంత టెన్షన్ అయినా హాయిగా భరించవచ్చు. ఎడబాటును ఎడబాటుగా అనుభవించడానికి అదొక భరోసా. ఇల్లు, పిల్లలు, వంట, అందరి అవసరాలూ చూసుకునే ఆ స్త్రీలకు చదువుకునే ఆ గంట తమకోసం మిగుల్చుకున్న గంట. ఆ గంటలో మోసపోవడానికి వాళ్లు సిద్ధంగా లేరు.

తెలుగులో ఈ వెసులుబాటు అందరికీ ఉండేది కాదు. 1960ల నుంచి 80ల దాకా మన ప్రేమ నవలల్లో ఎక్కువ భాగం ముందు వార, మాసపత్రికల్లో సీరియల్‌గా వచ్చాయి. సీరియల్ చదివేవాళ్లకు చివరి పేజీ ఇంకా అచ్చవ్వలేదు. ప్రతి భాగం కిందా ఉండేది ‘సశేషం’ అన్న మాటే. ఆ మాటనే తీసుకోండి. శేషం ఉంది, ఇంకా మిగిలి ఉంది. విప్రలంభానికి ఇంతకంటే మంచి నిర్వచనం దొరకదు. వారం రోజుల పాటు కథ ఆగిన చోటే మనసు ఆగి ఉంటుంది. పక్కింటివాళ్లతో, కాలేజీ స్నేహితురాళ్లతో అతను వస్తాడా రాడా అన్న వాదన నడుస్తుంది. అదే నవల అట్టకట్టుకుని అద్దె షాపుకి వచ్చాక ఒక రాత్రిలో చదివేసినవాళ్లకు ఆ నిరీక్షణ లేదు. అందుకే ఒకే నవల గురించి అమ్మ తరం ‘గుండె పట్టేసింది’ అంటే, తర్వాతివాళ్లు ‘సాగదీశారు’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చదివిన లయ వేరు.

లయ మాట వచ్చింది కాబట్టి యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1960ల మధ్యలో వచ్చిన ఈ నవల తెలుగు ప్రేమ కథకు ఒక అచ్చు తయారుచేసింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. జయంతి ఆత్మాభిమానం ఉన్న మధ్యతరగతి అమ్మాయి. రాజశేఖరం డబ్బు, హోదా, తక్కువ మాటలు ఉన్న మనిషి. ఎత్తుగా, అందంగా, గంభీరంగా ఉన్న అబ్బాయిని చూసి ‘నవలా నాయకుడిలా ఉన్నాడు’ అనడం తెలుగులో మామూలు మాటైందంటే, అందులో ఈ నవల వాటా, ఇలాంటి నవలల వాటా చాలా పెద్దది.

ఈ నవల మీద అభిమానుల మాట, విమర్శకుల మాట రెండూ తెలిసినవే. ఒకరు కలల ప్రపంచం అన్నారు, ఇంకొకరు కలలు అమ్ముకున్నారని అన్నారు. నిజాయితీగా చదివినవాళ్ల స్పందన ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, పైగా అది ఒక ముక్కలో ఒదగదు. రాజశేఖరం గది లోపలికి వస్తున్నాడంటే గుండె వేగం పెరుగుతుంది. అదే సమయంలో ‘ఇతను మనసులో మాట ఒక్కసారి చెబితే ఏం పోయింది?’ అన్న చిరాకూ వస్తుంది. ఉద్యోగం చేసే అమ్మాయి కథ అన్న సంతోషం ఉంటుంది. ఆ ఉద్యోగం చివరికి పెళ్లికి దారి మాత్రమే అయిందే అన్న వెలితీ ఉంటుంది. ఈ రెండూ ఒకే చదువులో, ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. ఒకదాన్ని దాచి రెండోదాన్నే చెప్పడం మన సాహిత్య చర్చల్లో అలవాటైపోయింది. చదువుకున్నవాళ్ల ముందు సంతోషాన్ని దాస్తారు, అభిమానుల మధ్య చిరాకును దాస్తారు.

జయంతిని పాత కావ్యాల లెక్కలో చూస్తే ఆమె కలహాంతరిత. అష్టవిధ నాయికల్లో కలహాంతరిత అంటే కోపంతో ప్రియుణ్ణి కాదని, ఆ తర్వాత తనలో తను కుమిలిపోయే నాయిక. తెలుగువాళ్లకు ఈ నాయిక కొత్త కాదు, భామాకలాపంలో జడ పట్టుకుని వగలుపోయే సత్యభామ చుట్టమే. అయితే నాయకుడి విషయంలో మాత్రం పాత కావ్యానికీ అచ్చు నవలకూ పెద్ద తేడా ఉంది. కృష్ణదేవరాయల ఆస్థాన కవి నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో అలిగిన సత్యభామ ఎడమ కాలితో తన్నితే, కృష్ణుడు తన ఒంటి గగుర్పాటు ముళ్లలా తగిలి ఆమె పాదం నొచ్చిందేమోనని కంగారుపడతాడు. పదహారో శతాబ్దపు నాయకుడు, అదీ సాక్షాత్తూ దేవుడు, ముందు తానే వంగుతాడు. అరవైల, డెబ్భైల నవలా నాయకుడు వంగడు. చివరి అధ్యాయం దాకా నిటారుగానే ఉంటాడు. ఆ చివర్లో ఒక్క వాక్యం మెత్తగా పలికితే, అంతకాలం కూడబెట్టిన మౌనమంతా ఆ వాక్యానికి బలమవుతుంది.

ఈ పద్ధతిలో గొప్ప ఆకర్షణ ఉంది. కాదనడం అబద్ధం. ఎవరికీ లొంగని మనిషి ఒక్కరి దగ్గరే కరిగిపోవడం ఎంత సుఖమైన ఊహో, తక్కువ మాటల మగవాళ్ల మధ్య పెరిగిన ఆడపిల్లలకు బాగా తెలుసు. నాన్న ఏం ఆలోచిస్తున్నాడో తెలియని ఇంట్లో పెరిగిన అమ్మాయికి, ఆ మౌనం అడుగున ప్రేమే ఉందని చెప్పే నవల పెద్ద ఓదార్పు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. అన్ని మౌనాల అడుగునా ప్రేమ ఉండదు.

దీని తర్వాతి మెట్టు చెంపదెబ్బ. ఆ కాలపు నవలల్లో, వాటి మీద వచ్చిన సినిమాల్లో నాయిక చెంప ఛెళ్లుమనడం, ఆ వెంటనే ఆమెకు అతని ప్రేమ లోతు అర్థమవడం మామూలు. పదిహేడేళ్లప్పుడు అది ఉత్కంఠ. నలభై ఏళ్లప్పుడు మళ్లీ చదివితే పుస్తకం మూసేయాలనిపిస్తుంది. ఇందులో పాఠకురాలు మారిందన్నది సగమే నిజం. ఆ దెబ్బ ఎప్పుడూ ఉన్నదే, అప్పట్లో స్వరం దాన్ని కప్పేసింది. చుట్టూ ఉన్న వర్ణన మృదువుగా ఉంది, సంభాషణల్లో చమత్కారం ఉంది, ఇంట్లో ముద్దు చేసే పెద్దదిక్కు ఉంది, కాబట్టి చదివే మనసు అది చిలిపి కథలో భాగమే అనుకుంది. తేలిక స్వరంలో చెప్పినవాటిని పాఠకులు తేలిగ్గానే తీసుకుంటారు. రచయిత చేతిలో ఉండే అసలు బలం ఇదే, బాధ్యత కూడా ఇక్కడే మొదలవుతుంది. రాడ్వే మాట్లాడిన పాఠకురాళ్లు కూడా క్రూరంగా ప్రవర్తించే నాయకుల నవలలను గట్టిగా తిరస్కరించారు. తెలివైన నాయిక, ఆమెను నిజంగా పట్టించుకునే మెత్తని మనిషి కావాలన్నారు. ప్రేమ నవలలు చదివేవాళ్లు ఏది ఇచ్చినా మింగేస్తారన్న చిన్నచూపు ఉన్నవాళ్లు ఈ సంగతి గమనించాలి.

తేలిక స్వరాన్ని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. నిజానికి తెలుగులో అన్నిటికంటే తక్కువ గౌరవం దక్కింది దానికే. అదే సులోచనారాణి రాసిన ‘మీనా’లో డబ్బున్న ఇంట్లో, కట్టుదిట్టం చేసే తల్లి చాటున పెరిగిన అమ్మాయి పల్లెటూరు వెళ్లి అక్కడి మనుషుల్ని, కృష్ణను తెలుసుకుంటుంది. ఆ నవల చదువుతుంటే ముఖం మీద చిరునవ్వు చెరగదు. అందులోనూ తల్లి పెత్తనం, డబ్బు అహంకారం, ఆడపిల్ల సొంత నిర్ణయం వంటి బరువైన సంగతులే ఉన్నాయి. వాటిని బరువు తెలియకుండా మోయడానికి కథనంలో ఎంత అదుపు కావాలో రాసేవాళ్లకే తెలుసు. ఏడిపించిన పుస్తకాన్ని ‘గొప్ప నవల’ అంటారు, నవ్వించిన పుస్తకాన్ని ‘కాలక్షేపం’ అంటారు. ఈ అలవాటు మారాలి. జ్వరంతో మంచం మీద ఉన్నప్పుడు, పరీక్ష తప్పినప్పుడు, పుట్టింటికి దూరంగా కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు మనుషులు మళ్లీ మళ్లీ తీసి చదువుకునేది ఆ రెండో రకం పుస్తకాన్నే.

స్వరం మధ్యలో మారితే నవల తప్పకుండా చెడిపోతుందా? యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ఈ ప్రశ్నకు మంచి పరీక్ష. రేవంత్ చదరంగం ఆటగాడు. ముక్కూమొహం తెలియని అమ్మాయి ఫోన్ చేస్తుంది. తనను కనుక్కోమంటుంది, చిక్కుప్రశ్నల్లో ఆనవాళ్లు ఇస్తుంది. సగం నవల ఆటలా సాగుతుంది, పాఠకులు కూడా కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చునేంత హుషారుగా. ముగింపులో ఆమె అతనికి దక్కదు. 1995లో కన్నడంలో ‘బెళదింగళ బాలె’ పేరుతో సినిమాగా వచ్చినప్పుడూ ఇదే విషాదం ప్రేక్షకులను పట్టేసింది.

విప్రలంభం అని నమ్మించి కరుణలోకి తోసిన నవలే ఇది. అయినా దీన్ని చదివినవాళ్లలో మోసపోయామన్న కోపం అంతగా కనిపించదు. ఎందుకంటే ఆట కింద ఒక ప్రశ్న మొదటి నుంచీ ఉంది: ఈమె ఎందుకు కనిపించట్లేదు? ఇంత ప్రేమ ఉన్న మనిషి ఎదురుగా ఎందుకు రాదు? పాఠకులు ఆ ప్రశ్నను చిలిపితనం అనుకుని పక్కన పెట్టారు. చివర్లో సమాధానం దొరికాక వెనక్కి చూసుకుంటే, నవ్వించిన ప్రతి ఫోన్ కాల్‌లోనూ ఆ నీడ ఉన్నట్టు అనిపిస్తుంది. స్వరం మారలేదు, దాని రెండో అర్థం ఆలస్యంగా వినిపించింది. కారు ప్రమాదంతో కథ ముగించే నవలలో ఇలా వెనక్కి వెళ్లి వెతుక్కోవడానికి ఏమీ ఉండదు. రెండు ముగింపుల్లోనూ ఆశ తెగేది నిజమే. మొదటిదానికి లోపల కారణం ఉంది, రెండోది బయటి నుంచి వచ్చి పడింది. ‘ఎండింగ్ బాగాలేదు’ అని ఒక ముక్కలో రాసే పాఠకుడికి ఈ వివరణ రాయడానికి చోటు ఉండకపోవచ్చు కానీ, తేడా మాత్రం తెలుసు.

ఇక పెళ్లితో ముగియకుండా అక్కడే మొదలయ్యే నవలలు. 1960ల తొలినాళ్ల రంగనాయకమ్మ ‘బలిపీఠం’లో బ్రాహ్మణ వితంతువు అరుణ, దళితుడైన భాస్కర్ పెళ్లి చేసుకుంటారు. మామూలు ప్రేమ నవల అయితే ఆ పెళ్లి మీద శుభం కార్డు పడేది. ఇక్కడ ఆ తర్వాతి కాపురంలో, వంటింట్లో, చుట్టాల రాకపోకల్లో కులం ఎలా బయటపడుతుందో రచయిత్రి వదలకుండా చూపిస్తారు. చదువుతుంటే అరుణ మీద విసుగొస్తుంది, జాలేస్తుంది, మళ్లీ విసుగొస్తుంది. ఇది హాయిగా చదివే నవల కాదు. అలా ఉంటానని ఎక్కడా మభ్యపెట్టదు కూడా. అందుకే దీన్ని భారంగా ఉందని పక్కన పెట్టినవాళ్లు సైతం మోసం చేసిందని అనరు.

చలం ‘మైదానం’ వ్యవహారం ఇంకా వేరు. 1927 నాటి ఆ నవలలో ప్లీడరు భార్య రాజేశ్వరి భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది, ఆ కథను తన గొంతుతోనే చెబుతుంది. దాని మీద వచ్చిన తిట్లు, పొగడ్తలు రెండూ ఎక్కువ భాగం రాజేశ్వరి చేసింది తప్పా ఒప్పా అన్న చుట్టూనే తిరిగాయి. నవలగా అది మనసు మీద ఏం చేస్తుందన్నది వెనకబడిపోయింది. ఆ పుస్తకం మొదటి పేజీల్లో ఉన్న మత్తు మాటల్లో చెప్పడం కష్టం. ఎండ, ఇసుక, నీళ్లు, ఒళ్లు, ఆమె గొంతులో పశ్చాత్తాపం జాడలేని తెగువ. తర్వాత మీరా అనే కుర్రవాడు రావడంతో, అమీర్ కోపాలతో, ఆ మత్తులోకి భయం చేరుతుంది. రాజేశ్వరిని ఒప్పుకోని పాఠకుడు కూడా ఆ గొంతును మర్చిపోలేడు. ఆమెను సమర్థించే పాఠకురాలికి కూడా అమీర్ దగ్గర ఆమె పడ్డ హింస మింగుడుపడదు. దీన్ని ప్రేమ నవల అనాలా అంటే, అనాలి. ప్రేమ ఎప్పుడూ భరోసా ఇస్తుందని ఎవరూ రాసివ్వలేదు. ఆశ తెగడం, నిలవడం అన్న లెక్కకు ఈ నవల లొంగదు. ఇక్కడ నాయిక ఎవరి కోసమో ఎదురుచూడదు, తానే నడిచి వెళుతుంది.

ఇప్పుడు సీరియల్ మళ్లీ వచ్చింది, ఈసారి ఫోన్‌లోకి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి వేదికల మీద తెలుగులో రోజూ ప్రేమ కథల భాగాలు వచ్చిపడుతున్నాయి. ఒప్పందం పెళ్లి, కోపిష్ఠి సీఈఓ, ద్వేషంతో మొదలై ప్రేమగా మారే కాపురం ఇక్కడి ఇష్టమైన దారులు. రాజశేఖరం మౌనం ఇక్కడ కొన్ని కథల్లో బెదిరింపుగా మారింది. చాలామంది రచయితలు వంటిల్లు, ఉద్యోగం, అత్తారిల్లు తెలిసినవాళ్లే కాబట్టి, వాటి గురించి రాసిన చోట్ల పాత నవలల్లో లేని గొప్ప నిజం ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, వందల భాగాలు సాగే కథలో స్వరం నిలవడం చాలా కష్టం. నలభయ్యో భాగం దాకా నవ్వుతాలుగా ఉన్నది డెబ్భయ్యో భాగంలో కిడ్నాప్ అవుతుంది, నూరో భాగంలో గతం మర్చిపోయిన నాయకుడవుతుంది. ‘సశేషం’ అన్నది ఆశగా కాకుండా అలవాటుగా మారితే ఎడబాటు బరువు తగ్గిపోతుంది. చదివేవాళ్లు మానేయరు, చదువుతూనే విసుక్కుంటారు. ఆ విసుగు కూడా నిజమైన స్పందనే. రాసేవాళ్లు దాన్ని నిందగా కాకుండా సమాచారంగా తీసుకుంటే కథకే మేలు.

చాలా ఇళ్లలో పత్రికల నుంచి సీరియల్ పేజీలు చించి, దారంతో కుట్టి బైండు చేయించుకున్న నవలలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. మధ్యలో ఒకటో రెండో వారాలవి దొరక్క పేజీలు లేని కట్టలవి. అమ్మ ఆ లోటును నోటితో చెప్పి పూడ్చేది, అప్పుడు రాజశేఖరమో ఇంకో శేఖరమో ఏమన్నాడో తనకు గుర్తున్నట్టుగా. కూతురు ఆ కట్ట తీసి చదివి, ‘ఇతను క్షమాపణ ఎక్కడ చెప్పాడమ్మా?’ అని అడుగుతుంది. ఆ దొరకని వారంలో చెప్పాడని అమ్మ నమ్మకం.